ముందున్న ప్యాకెట్టు

మా ఊళ్ళో నలభై లోపు వయసున్న ఎవణ్ణయినా ఆపి అడగండి, మా అక్క లొరైన్ వడ్డించిన బంగాళాదుంప ముద్ద తినకుండా పెరిగినవాడు దొరకడు. బడి వంటశాలలో గరిటె పట్టి నిలబడిన మనిషి, రిటైరయ్యేదాకా అక్కడే నిలబడింది. జెలిన్‌స్కీ అనే ఇంటిపేరు పలకడానికి నోరు తిరగక పిల్లలంతా ‘మిసెస్ జీ’ అనేవాళ్ళు. పెద్దయ్యాక కూడా అదే పిలుపు. పోలీసు కానిస్టేబులు కారాపి, ‘మిసెస్ జీ, లైటు వెలగట్లేదండీ’ అని బతిమాలుకుంటాడు తప్ప చలానా రాయడు.

నేను ఆమె చెల్లెల్ని, బెర్నీని. బావ రే పోయాక ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. మా ఆయన అంతకుముందే వెళ్ళిపోయాడు. చచ్చిపోయి కాదు, మిల్వాకీకి.

అక్కకి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ప్రతి శుక్రవారం సాయంత్రం చర్చి హాల్లో చేపల వేపుడు విందుకి వెళ్ళేముందు హైవే పక్కనున్న పెద్ద దుకాణం దగ్గర కారు ఆపాలి. బిల్లు కట్టే చోట చూయింగ్ గమ్ పక్కన, కొక్కేలకి వేలాడే, ఏ ఆటగాళ్ళ బొమ్మలున్నాయో చింపేదాకా తెలియని బేస్‌బాల్ కార్డుల ప్యాకెట్టు ఒకటి కొనాలి. ఒకటే. రెండోది కొనమని దేవుడు దిగొచ్చి చెప్పినా కొనదు.

అది కొనడానికీ ఓ పద్ధతుంది. కొక్కేనికి అన్నిటికన్నా ముందున్నదే తీస్తుంది. కొందరుంటారు, నేను వాళ్ళని నొక్కుడుగాళ్ళంటాను. ప్యాకెట్టు ప్యాకెట్టూ బొటనవేలితో నొక్కి చూస్తారు. ఖరీదైన కార్డు కాస్త మందంగా ఉంటుందట, అది చేతికి తగిలితే పట్టుకుపోతారు, మిగిలిన చెత్త మనలాంటి వాళ్ళకి. వాళ్ళని చూస్తే అక్కకి ఒళ్ళు మంట. ‘కడుపుతో ఉన్న పిల్లని పట్టుకుని మగా ఆడా అని పిసుకుతారా ఎవరైనా? వచ్చింది తీసుకోవాలి’ అంటుంది.

తీసుకొచ్చి కార్లో కూర్చుంటుంది. బెల్టు పెట్టుకుంటుంది. అప్పుడు చింపుతుంది. ఒక్కొక్క కార్డూ తీసి పేరు పైకి చదువుతుంది, నేను వినాలి. ‘ఈ కాగితం ముక్కలకోసం అక్కడ చేపలు చల్లారిపోతున్నాయి తల్లీ’ అని నేను సణుగుతాను. ఆమె చదువుతూనే ఉంటుంది.

అందులో ఆమె దాచుకునేది క్యాచర్లని మాత్రమే. బ్యాటు పట్టినవాడి వెనక గొంతుకూర్చుని, మొహానికి ఇనప ముసుగేసుకుని, ఆటంతా బంతి దెబ్బలు కాచుకుంటాడే, వాడు. కాగితం మిల్లు జట్టులో మా బావ ఆడింది ఆ చోటే. పోయేనాటికి ఆయన మోకాళ్ళు రెండూ పాత తలుపు కిర్రుమన్నట్టు కిర్రుమనేవి. ‘వాడి మొహం ఎవరికీ కనపడదే బెర్నీ, కనీసం కార్డు మీదైనా ఎవరో ఒకరు చూడాలి కదా’ అనేది అక్క. క్యాచర్లు బిస్కట్ల రేకు డబ్బాలోకి పోతారు. మిగతావాళ్ళని తీసుకెళ్ళి గ్రంథాలయంలో పిల్లల బల్ల మీద పెట్టేస్తుంది. ధరలు తెలియవు, తెలుసుకోదు.

ఇలా నడిచిపోతున్న వ్యవహారంలోకి ఈ ఏడు నోలన్ మజూర్ వచ్చాడు.

నోలన్ మా ఊరివాడే, క్యాచరే. బడిలో ఉన్నప్పుడు రెండో ప్లేటుకోసం మళ్ళీ వరసలో నిలబడే రకం. ఒకసారి అక్కతో అన్నాడట: “నేను పెద్ద జట్టుకి ఆడితే నా బొమ్మతో కార్డొస్తుంది మిసెస్ జీ. అది మీరు కొనాలి. నేనిచ్చేది కాదు, దుకాణంలో, గమ్ పక్కన వేలాడుతుందే, అందులోంచి రావాలి. అప్పుడే నేను నిజంగా ఆడినట్టు లెక్క.”

“కొంటాలే పోరా. ముందు ఆ బఠాణీలు వదలకుండా తిను” అందట ఈమె.

చిన్న ఊళ్ళలో, చిన్న జట్లలో ఏళ్ళకేళ్ళు బస్సుల్లో తిరిగి, ఇక వీడికి రాదులే అని ఊరంతా మర్చిపోయాక, పోయినేడు వాణ్ణి పెద్ద జట్టుకి పిలిచారు. కొన్నాళ్ళే ఆడాడు, మళ్ళీ చిన్న జట్టుకి పంపేశారు. ఆ కొన్నాళ్ళకే కార్డు పడింది, ఈ వసంతంలో దుకాణాలకొచ్చింది. అది వచ్చిన నెలలోనే వాడి మోకాలు పోయింది. కోశారు, కుట్టారు, ఇక కూర్చోలేవు నాయనా అన్నారు. గొంతుకూర్చోలేని క్యాచర్ని ఎవడుంచుకుంటాడు? ఆగస్టులో ఇంటికొచ్చి, వాళ్ళ బాబాయి దగ్గర ఇళ్ళ కప్పులు వేసే పనిలో చేరాడు. చేపల వేపుడికి రావడం మానేశాడు. వస్తే ప్రతివాడూ మోకాలి సంగతే అడుగుతాడు మరి. ఎద్దు పుండు కాకికి ముద్దా?

అంటే వాడికి ఆ ఒక్క కార్డే. వచ్చే ఏడు ఉండదు. అక్టోబరు ఆఖర్న హాలోవీన్ పండగ దాటగానే ఆ కొక్కేలమీంచి బేస్‌బాల్ తీసేసి క్రిస్మస్ మిఠాయిలు తగిలిస్తారు. ఈలోగా నోలన్ ప్యాకెట్లో రావాలి, ‘దొరికావురా’ అని వాడి మొహం మీద చెప్పాలి. మా అక్కకి వేసవంతా అదే దిగులు. ప్రతి శుక్రవారం చింపేది, చదివేది, చివరి కార్డు దగ్గర గొంతు సన్నబడేది.

“ఇంటర్నెట్లో కొట్టు, గుమ్మంలోకొస్తుంది. పావలా కూడా చెయ్యదు వాడి కార్డు” అన్నాను నేనొకసారి.

అలా అనకుండా ఉండాల్సింది. అక్క ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు కాఫీ పోస్తూ, “వాడు అడిగింది దుకాణంలోది” అని మాత్రం అంది.

అక్టోబరు మూడో శుక్రవారం. మేం లోపలికెళ్ళేసరికి గల్లా దగ్గరుండే రోండా తన చోటు వదిలి కార్డుల కొక్కేల దగ్గర ఏదో సర్దుతోంది. మమ్మల్ని చూడగానే గబగబా గల్లా దగ్గరికి పోయింది. రోండా మంచి పిల్ల. ఎర్ర చొక్కా మీద దుకాణంవాళ్ళ నీలం కోటు, ఎప్పుడూ నిద్రచాలని కళ్ళు, ఇంట్లో ఇద్దరు పిల్లలు. వేసవంతా మా అక్కకి ప్యాకెట్టు అమ్మింది ఆమే. ‘వచ్చాడా అండీ నోలన్?’ అని మరుసటి శుక్రవారం అడిగేదీ ఆమే.

అక్క ముందున్న ప్యాకెట్టు తీసుకుంది. కార్లో కూర్చున్నాం. బెల్టు. చింపింది. మొదటి కార్డు ఎవరో బంతి విసిరేవాడు. రెండోది ఇంకెవడో. మూడోది చదవలేదు.

“ఏమే, నోరు పడిపోయిందా?” అన్నాను.

కార్డు నా ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టింది. నోలన్ మజూర్! ముసుగు నెత్తిమీదికి తోసుకుని, ఎండకి కళ్ళు చికిలించి, రెండో ప్లేటు అడగబోతున్నవాడిలా నవ్వుతున్నాడు. అక్క కెవ్వున అరిచింది. నేనూ అరిచాను, ఎందుకు దాచాలి? పక్క కారులోవాళ్ళు ఏమయిందోనని అద్దం దించారు.

“వచ్చాడే! మన నోలనే! దుకాణంలోంచే వచ్చాడే!”

కళ్ళు తుడుచుకుని, ఆ రేకు కాగితం మడతపెడుతూ అక్క ఆగిపోయింది. వెనకవైపు అతుకుని వేలితో తడిమింది. వేలికీ అతుక్కీ మధ్య సన్నగా ఓ తీగ సాగింది.

“ఇది జిగురే, బెర్నీ.”

“అయితే?”

“కంపెనీవాళ్ళు జిగురు పెట్టరు, వేడితో నొక్కేస్తారు. వంటశాలలో చిప్స్ ప్యాకెట్లు ఎన్ని విప్పి ఉంటాననుకున్నావు? దీన్ని ఎవరో ముందే విప్పి మళ్ళీ అతికించారు.”

నొక్కుడుగాళ్ళలో అంతకన్నా ముదుర్లుంటారు. ప్యాకెట్టు విప్పేసి, లోపలున్న ఖరీదైన కార్డు కాజేసి, దాని బదులు పనికిమాలినదొకటి దూర్చి అతికించేస్తారు. కార్డులు కొనే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. అక్కకీ అదే తట్టింది. తట్టగానే ఆమె మొహం ఎర్రబడిన తీరు నేను బావ చావప్పుడు కూడా చూడలేదు.

“మంచిది తీసుకుని, చెత్త కింద నోలన్‌ని పడేశారే! వాణ్ణి! చెత్త కింద!”

బెల్టు తీసి దిగిపోయింది. ‘అక్కా, కార్డొచ్చిందిగా, వదిలెయ్యవే’ అంటూ వెనకపడ్డాను. వింటేనా? వరసలో ఉన్నవాళ్ళని దాటుకుని గల్లా దగ్గరికెళ్ళి మేనేజరుని పిలవమంది. ట్రెంట్ అని కొత్తగా వచ్చినవాడు, మా ఊరివాడు కాదు, అక్క చేతి ముద్ద తినలేదు.

“మీ దుకాణంలో ఎవరో ప్యాకెట్లు విప్పి అతికిస్తున్నారు. ఇదిగో చూడండి” అని రేకు కాగితం బల్లమీద పెట్టింది.

ట్రెంట్ అటూ ఇటూ తిప్పి చూశాడు. “చాలా సీరియస్ విషయమండీ. ఈ కొక్కేల మీదే కెమెరా ఉంది. ఇప్పుడే చూస్తాను. బయటివాడైతే పోలీసులకిస్తాం, మా వాళ్ళయితే ఈ నిమిషమే ఇంటికి.”

అప్పుడు నేను రోండాని చూశాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ పిల్ల చెయ్యి తన నీలం కోటు బొత్తాల మీదికి పోయింది, విప్పి ఇచ్చెయ్యడానికన్నట్టు. మొహంలో నెత్తురు లేదు. బొటనవేలికి తెల్లగా ఎండిన జిగురు. ట్రెంట్‌ని చూడట్లేదు, మా అక్కని చూస్తోంది. దొంగ చూపు కాదది. పుట్టినరోజుకి కేకు తెచ్చి గుమ్మంలో పడేసుకున్నవాళ్ళు అలా చూస్తారు.

అక్కకి కూడా అర్థమైంది. ట్రెంట్ చేతిలోంచి రేకు కాగితం లాక్కుంది.

“ఆగు నాయనా. కెమెరా ఎందుకు? నేనే అతికించాను.”

“మీరా? ఇప్పుడేగా మీరే వచ్చి ఫిర్యాదు చేశారు?”

“చేశాను. కార్లో విప్పాను, నచ్చలేదు. అతికించి తెస్తే ఇంకోటి ఊరికే ఇస్తారేమో అనుకున్నాను. ముసలి బుద్ధి.”

నా చెవులు నేను నమ్మలేకపోయాను. బండెడు బంగాళాదుంపల్లో ఒక్కటి అటూ ఇటూ అయినా తనే చెప్పుకునే మనిషి! వరసలో మా చర్చి ఆవిడ, రీటా, పాలడబ్బా పట్టుకుని నోరు తెరుచుకు నిలబడిపోయింది. రీటాకి తెలిసిందంటే ఊరికి తెలిసినట్టే.

ట్రెంట్ గొంతు సవరించుకున్నాడు. కెమెరా చూసే పని తప్పినందుకు వాడికీ హాయిగానే ఉన్నట్టుంది. “పెద్దవారు కాబట్టి వదిలేస్తున్నాను. ఇకమీదట ఈ దుకాణంలో మీకు కార్డులు అమ్మం. మిగతావి కొనుక్కోవచ్చు.”

“అలాగే నాయనా” అంది మా అక్క, తలొంచుకుని.

కార్లోకొచ్చి నేను పేలిపోయాను. “నీకేమైనా మతి పోయిందా? రేపీపాటికి ఊరంతా నిన్ను నొక్కుడుగాళ్ళ నాయకురాలంటుంది!”

“ఆ పిల్ల ఉద్యోగం పోయేదే.”

“తన తప్పు తను చెప్పుకోవద్దూ?”

“చెప్పబోతోందే. అందుకే నేను ముందు చెప్పేశాను.”

నేనింకేదో అనేలోగా అద్దం మీద టకటకమని చప్పుడు. రోండా. ఆ చలిలో చలికోటైనా లేకుండా పరుగెత్తుకొచ్చింది. అక్క అద్దం దించింది.

“క్షమించండి మిసెస్ జీ. వేసవంతా మీరు రావడం, రాలేదని మరుసటి వారం చెప్పడం... మీ మొహం చూడలేకపోయాను. ఇంకో రెండు వారాల్లో తీసేస్తారు కదా. ఆదివారం గ్రీన్ బే పట్నం వెళ్ళి అక్కడ కార్డుల కొట్లో నోలన్ కార్డు వెతికి తెచ్చాను. ఒక ప్యాకెట్టు నేను కొనుక్కునే విప్పానండీ, దొంగతనం చెయ్యలేదు. మీరెప్పుడూ ముందున్నదే తీస్తారు కదా అని...” ఏడుపొచ్చేసింది.

“నేను వాణ్ణి ఎవరో చెత్త కింద పడేశారనుకున్నానే పిల్లా” అంది అక్క. “నువ్వు బహుమతి కింద పెట్టావా?” అద్దంలోంచి చెయ్యి పెట్టి రోండా చెంప తుడిచి, “ముందు లోపలికెళ్ళి కోటు వేసుకో. జలుబు చేస్తే నీ పిల్లలకి ఎవరు వండుతారు?” అంది.

ఆ రోజు చేపలు చల్లారే ఉన్నాయి. ఇద్దరం సరిగా తినలేదు. శనివారం అక్క చర్చిలో పాపం ఒప్పుకోవడానికి వెళ్ళొచ్చింది.

“జిగురు అబద్ధం చెప్పావా ఫాదర్‌కి?” అన్నాను.

“చెప్పాను.”

“ఏమన్నాడు?”

“కార్డు చూపించమన్నాడు.”

కార్డు డబ్బాలోకి పోలేదు. ఫ్రిజ్ తలుపు మీద, చేప బొమ్మ అయస్కాంతం కింద పెట్టింది. పెట్టిందే గానీ చూసినప్పుడల్లా నిట్టూర్పు. “వాడడిగినట్టు దొరకలేదే. వాడికి ఏం చెప్పను?”

చెప్పే రోజు తనంతట తనే వచ్చింది. గురువారం పొద్దున. కప్పు చూరు గొట్టాల్లో ఆకులు నిండిపోయి నీళ్ళు గోడమీదికి కారుతుంటే మజూర్ వాళ్ళకి ఫోన్ చేశాం. బాబాయి వస్తాడనుకుంటే నోలన్ వచ్చాడు. మనిషి చిక్కాడు. నిచ్చెన ఎక్కేటప్పుడు ఒక కాలు ముందేసి రెండోదాన్ని పక్కకి లాక్కుంటున్నాడు. పనయ్యాక అక్క కాఫీకి రమ్మంది. వద్దండీ బురద బూట్లు అన్నాడు. “నీ బూట్లు నాకు కొత్తా? లోపలికి రా” అంది, బడిలోని గొంతుతో. వచ్చాడు.

వచ్చి ఫ్రిజ్ ముందు ఆగిపోయాడు.

“అది నేనా?”

“కాక మీ బాబాయా?” అన్నాను నేను. కంగారులో నాకు నోరు ఎక్కువవుతుంది.

“ఎక్కడ దొరికింది మిసెస్ జీ?” మెల్లగా అడిగాడు. ఆ అడగడంలో వాడి వయసు సగానికి తగ్గిపోయింది.

అక్క కెటిల్ కింద పెట్టింది. “హైవే దుకాణంలో, గమ్ పక్కన. ముందున్న ప్యాకెట్టు. కార్లో కూర్చుని నా చేత్తో నేనే చింపాను.”

వాడు కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. కార్డుకేసే చూస్తూ మాట్లాడాడు.

“నేనూ కొన్నాను మిసెస్ జీ. కార్డు వచ్చిన నెలంతా, బస్సు ఆగిన ప్రతి ఊళ్ళో. పెట్రోలు బంకుల్లో, మందుల షాపుల్లో. మోకాలు కోసినప్పుడు ఆసుపత్రి కింద కొట్లో కూడా. ఒక్కసారి కూడా నాకు నేను రాలేదు. కంపెనీవాళ్ళు పంపినవి పెట్టెలో ఉన్నాయి, అవి లెక్కలోకి రావు. అసలు నన్ను దుకాణాలకి పంపారా, లేకపోతే మా అమ్మకోసం నాలుగు అచ్చేసి ఊరుకున్నారా అనిపించేది. నవ్వుతారని ఎవరితోనూ అనలేదు.” మొహం అరచేతులతో తుడుచుకున్నాడు. “మీకు దొరికాను కదా. అయితే ఆడాను. చాలు.”

అక్క ప్లేటు తీసింది. పొయ్యిమీదున్న బంగాళాదుంపలు, సాసేజీలు ప్లేట్లో పెట్టి వాడి ముందుంచింది. వాడు తిన్నాడు. అడక్కుండానే రెండోసారి పెట్టింది. అదీ తిన్నాడు. నేను సింకు దగ్గర నిలబడి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. కాగితం ముక్కలన్న నోరు నాది, అది మూసుకుని ఏడ్చాను.

వాడి బండి వీధి మలుపు తిరిగాక అక్క నావైపు తిరిగింది. “ఒక్క అబద్ధమైనా చెప్పానా?”

“ఒక్కటీ చెప్పలేదు.”

“గ్రీన్ బే కొట్టువాడికి మాత్రం నోలన్ ఎక్కణ్ణుంచి వచ్చాడే? ఎవరో ఏదో దుకాణంలో ప్యాకెట్టు కొని చింపితేనేగా?”

“అంతేగా మరి” అన్నాను. ఆ రోజు ఆమె ఏమన్నా అంతేగా అనేదాన్నే.

శుక్రవారం మామూలుగా హైవే దుకాణం ముందు కారు ఆగింది. అక్క దిగలేదు, దిగడానికి లేదు కదా. నేను దిగాను. కొక్కేలు సగం ఖాళీ, ఒకవైపు అప్పుడే క్రిస్మస్ మిఠాయిలు పెడుతున్నారు. ముందున్న ప్యాకెట్టు తీశాను. నొక్కలేదు. రోండా గల్లా దగ్గర నన్నూ, నా చేతిలో దాన్నీ మార్చి మార్చి చూసింది. వెనకే ట్రెంట్ నిలబడున్నాడు.

“ఎవరికండీ?” అన్నాడు.

“నాకే” అన్నాను. “నొక్కి చూడమంటారా, అలాగే ఇస్తారా?”

కార్లోకొచ్చాను. అక్క చెయ్యి చాచింది.

“నేను కొన్నది, నేనే చింపుతాను.”

“బెల్టు పెట్టుకో ముందు.”

పెట్టుకున్నాను. అతుకు తడిమి చూశాను, శుభ్రంగా ఉంది. ఒక్కొక్క పేరూ పైకి చదివాను. చివరిదాకా నోలన్ రాలేదు. ఆ రోజు నాకు తెలిసింది, చివరి కార్డు దగ్గర గొంతు ఎందుకు సన్నబడుతుందో.

“పోనీలే” అంది అక్క కారు తీస్తూ. “వచ్చే వారానికి ఎలాగూ తీసేస్తారు. మనకి ఒకడున్నాడుగా.”

“మనకున్నాడు. వాడికి వాడు లేడుగా” అన్నాను. “పక్క ఊరి దుకాణంలో ఇంకా ఉంటాయేమో. అటు పోనియ్యి.”

“చేపలు?”

“చల్లారనీ.”